తెర్లని నీళ్లు

బందరు, 8 ఫిబ్రవరి 1979, గురువారం

మావయ్యగారు ఇవాళ తిన్నారు. ఆ ఒక్క మాట రాయడానికే ఈ పుస్తకం తీశాను.

టైఫాయిడ్ తగ్గాక కూడా గంజి తప్ప ఏదీ ముట్టని మనిషి, ఒకప్పుడు యానాంలో ఫ్రెంచి దొర ఇంట్లో తాను వండిన క్రెమ్ కేరమెల్ అనే తీపి కావాలని అడిగారు. మంగళవారం చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అడుగున మాడ్చిన పంచదార పోసి, పైన గుడ్లూ పాలూ కలిపి పోసిన గిన్నెని ఇడ్లీపాత్రలో పెట్టి, ఉడకలేదేమోనని మంట పెంచాను. తీసి చూస్తే నిండా చిల్లులే. "ఇడ్లీ వేశావా అమ్మాయ్?" అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇవాళ మంచం వంటింటి గుమ్మం దగ్గర వేయించుకున్నారు. "నీళ్లు తెర్లనీకు. పైన ఆవిరి కనపడితే చాలు," అని ఒకటే హెచ్చరిక. అన్నం వార్చాక ఊకపొయ్యిలో మిగిలిన సెగ మీదే పెట్టాను. రెండుసార్లు నా చెయ్యి ఊకడబ్బా మీదికి పోయింది. రెండుసార్లూ "అమ్మాయ్!" అన్నారు. గంటకి పైగా పట్టింది. పళ్లెంలో బోర్లిస్తే ఒక్క చిల్లు లేకుండా, వణుకుతూ నిలబడింది.

మొత్తం తిన్నారు. చెంచా నాకి, "పంచదార ఇంకాస్త మాడాలి. భయపడి దించేశావు," అన్నారు. ఇదివరకు నా వంటకి ఆయన వంక పెడితే పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఇవాళ మళ్లీ అనిపించుకోవాలనిపించింది.

తీపి తగ్గించమన్నారు డాక్టరుగారు. రేపు గుడివాడ నుంచి మా ఆయన వచ్చి ఏమంటారో...

"రేపు పంచదార నేను మాడుస్తాను, పక్కన నిలబడి చూడు," అన్నారు మావయ్యగారు. నెల్లాళ్లుగా ఒకరు పట్టుకోకుండా మంచం దిగని మనిషి.