ఆగిన ఊపిరి ఎవరిది

నర్సమ్మ గారికి,

మూడు రోజుల ముసురు ఈ ఉదయం కాస్త తెరిపిచ్చింది. పాలు పితికి, తడిబట్టలు ఆరేసి ఇది రాస్తున్నాను.

నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో చూడాలని మీరు ఆసుపత్రి నుంచి మా ఆయనకు ఇచ్చి పంపిన మిషను సంగతి ఇది. ఫలితం కాగితం నిన్న వచ్చింది. గంటకు ముప్పైసార్లు ఆగుతోందట. వైద్యం అయ్యేదాకా బడి పిల్లల బస్సు నడపకూడదట.

కానీ ఆ రాత్రి మధ్యలో ఆయన వేలి క్లిప్పు, ముక్కు గొట్టం పీకేసి, "ఇది నిద్రా, ఉరా?" అని అటు తిరిగి పడుకున్నారు. ఆరు గంటలు నడవకపోతే పరీక్ష లెక్కలోకి రాదని మీరన్నారు కదా. పాడవుతుందని నేను తగిలించుకుని పడుకున్నాను. అప్పుడు గడియారం చూడలేదు. ఆయన లేవకముందే తీసి పెట్టెలో పెట్టేశాను.

ఇప్పుడు ఆగిన ఊపిరి ఆయనదో, నాదో తెలియడం లేదు. ఆయన గురక వీధిలోకి వినిపిస్తుంది. నేనేమో పాలు పితుకుతూనే కునికిపాట్లు పడతాను. వయసనుకున్నాను. నిజం చెబితే, "చూశావా, రోగం నీదే" అంటారు. చెప్పకపోయినా, "ముప్పయ్యేళ్ళలో ఒక్కసారైనా స్టీరింగు మీద గురక పెట్టానా?" అంటున్నారు.

ఈసారి రెండు మిషన్లు ఇవ్వగలరా? అంతవరకు ఆయన్ని ఆపమని మీరే బడికి ఫోను చెయ్యండి. నా పేరు ఎత్తకండి. ఇదంతా ఫోనులో చెప్పుకోలేక, ఈ ఉత్తరం పాల వ్యాను అతనికిచ్చి పంపుతున్నాను.

ఆయన ఈ రోజు కూడా ఏడు గంటలకు బస్సు తీసుకుని వెళ్ళారు.