గోపురం పడవ

నాన్నా, పులివెందుల బస్సుకు పోతాండా. ఉగ్గాని మూతేసి పెట్టినా, తినేసి కంప్యూటర్ ముందు కూర్చో.

గేమ్‌లో నీ పడవ మాటిమాటికీ ఎందుకు బోల్తా పడతాందో దొరికింది. తెప్పోత్సవం మాదిరి అంత గోపురం కట్టి, బరువైన ఇంజిన్ కూడా దాని మీదనే పెట్టినావు. ఇంజిన్‌ను అడుగుకు దించినా, రెండు పక్కలా తేలే డబ్బాలు తగిలించినా. నేరుగా పోతే ఊగడంలే. మలుపులో ఏమైతాదో నేను చూడలా. మెల్లగా తిప్పి చూసి ఫోన్ చెయ్యి, నాకూ తెలుసుకోవాలని ఉంది. మళ్లీ పడినా గోపురం పీకేస్తా అనొద్దు, శానా బాగుంది.

నీ కూతురు సంహిత

లోపల నీకూ అమ్మకూ రెండే సీట్లు పెట్టినావే, నాది యాడ? అడుగున ఇంకాస్త బరువు కావాల్సి వచ్చింది. ఆడ నా సీటు వేసుకున్నా.