ఆవులెన్నని అడిగాను

మైల్స్ సిటీ,
ఆదివారం

అన్నయ్యా,

ఇక్కడ నేను కులాసా. ముందు నువ్వు మన గేటుకి కొట్టిన ఆ బ్రాడీ హాల్వర్సన్ ఎన్నికల బోర్డు పీకెయ్.

కాంగ్రెస్ సీటుకి మన పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఈ ప్రైమరీలో మనలాంటి పశువుల ఆసామికే ఓటెయ్యాలని నువ్వన్నావని, నిన్న ఆ హాల్వర్సన్ పెట్టిన భోజనానికి వెళ్ళాను. టోపీ, బూట్లు, మీసం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంత సరిగ్గా ఉండడమే నాకు నచ్చలేదు. అందరి ముందూ లేచి, "మీకు ఆవులెన్నండీ?" అని అడిగేశాను. హాలంతా తినడం ఆపేసింది. పక్కనున్న ముసలి ఓర్విల్ నా కాలు తొక్కి, "మతి పోయిందా లోర్నా? బ్యాంకులో ఎంతుందని ఎవరైనా అడుగుతారటే?" అన్నాడు. నేను కావాలనే అడిగాను మరి. నిజమైన ఆసామి అయితే నవ్వేసి మాట దాటేస్తాడు. ఈయన ఛాతీ విరిచి, "పద్నాలుగు వందలమ్మా, అన్నీ నల్లవే!" అన్నాడు.

"మా నాన్న పోయేదాకా తన ఆవులెన్నో మా అమ్మకి కూడా చెప్పలేదు" అని గొణిగి, ఓర్విల్ తన చొక్కాకున్న హాల్వర్సన్ బిళ్ళ ఊడబీకి చిక్కుడుగింజల పళ్ళెంలో పడేశాడు.

దూడలకి ముద్రలు వేయడం అయిందా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని కోటు ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు, ఇక్కడింకా చలిగానే ఉంది. పిల్లలకి నా ఆశీస్సులు.

నీ చెల్లెలు,
లోర్నా

అడ్రసు పక్కన కాస్త చోటు మిగిలింది కనక అడుగుతున్నాను. బోర్డు ఇవ్వడానికి వచ్చినప్పుడు, మనకెన్ని ఆవులున్నాయని ఆయన నిన్నూ అడిగే ఉంటాడు. నువ్వు చెప్పలేదు కదా?