నాలుగు నాజిళ్ళు, ఒక కిటికీ

జనవరి 6, శనివారం

చేపల ట్యాంక్ వెనక మూల నీళ్ళు కదలడం లేదు. ఇవాళ పుల్లతో కెలికితే గోధుమరంగు బురద లేచింది. కుళ్ళిన గుడ్డు వాసన.  అలాంటి మూలలో మొదలైన కుళ్ళు ట్యాంక్ మొత్తాన్ని చంపేస్తుందని అక్వేరియం క్లబ్‌లో ఎన్నిసార్లు విన్నానో. మూడేళ్ళుగా అందులో పెంచిన కోరల్స్, బతికున్న పగడాలు.

ఆ వాసనకి నా భార్య ఇమ్కె పావుగంట దగ్గింది. ఆమెకి ఆస్తమా. ట్యాంక్ కొన్నరోజు, ఇది నీ ఊపిరి జోలికి రాదని మాటిచ్చాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా భయమే.

జనవరి 8, సోమవారం

హీటింగ్ మెకానిక్‌ని. మా ఊరు ఎమ్డెన్‌లో సగం ఇళ్ళ పైపుల్లో నీళ్ళు తిప్పినవాణ్ణి. నా ఇంట్లో ఒక్క గాజుపెట్టెలో తిప్పలేకపోతున్నాను.

పెద్ద పంప్ పెట్టాను. అయినా ఉరవడి లేదు. పైపుల చివర బాతుముక్కుల్లాంటి నాజిళ్ళు నాలుగున్నాయి, వాటి నోళ్ళు సగానికి పైగా పూడిపోయాయి. సున్నపు గార, దాని మీద గుండీల్లా గుంపుగా పాకే గుండీల కోరల్.

ఆ గుండీల కోరల్‌ని క్లబ్‌లో ఫోక్కో ఊరికే ఇచ్చాడు. చంపినా చావదు, ఎక్కడ పడితే అక్కడ పాకుతుంది, కానీ అది పట్టిన రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకు, ఒట్టి విషం అన్నాడు. రాయితో పులుసు పెట్టేంత కరువు మా ఇంట్లో రాలేదులే అన్నాను. అందరూ నవ్వారు.

జనవరి 10, బుధవారం

అత్తయ్య టేడా కింది అంతస్తులో ఉంటుంది. తాళంచెవి ఉంది కదా, రోజూ పైకొచ్చి కిటికీలు బార్లా తెరుస్తుంది. బయట మైనస్ మూడు. నీళ్ళు చల్లబడితే కోరల్స్ పోతాయి అన్నాను. గాలి మారకపోతే గోడలకి బూజు, నా పిల్లకి ఆయాసం, నీ చేపలకేం పడిశం పడుతుందా అల్లుడూ అంది. హీటర్ వేసి కిటికీ తెరవడమంటే నా వృత్తి ముఖాన ఉమ్మినట్టే అన్నాను. అయితే తుడుచుకో అంది.

తెరిస్తే ట్యాంక్‌కి ముప్పు, మూస్తే ఇమ్కెకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జనవరి 11, గురువారం

హాల్లో, వంటింట్లో కిటికీల హ్యాండిళ్ళు విప్పేసి నా టూల్‌బాక్స్‌లో పడేశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట నీలాంటివాడే అంది అత్తయ్య. ఇమ్కె ఇన్‌హేలర్ కోటు జేబులో వేసుకుని లైబ్రరీలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

జనవరి 15, సోమవారం

ట్యాంక్ థర్మామీటర్ గ్రాఫ్ చూశాను. పొద్దున 25. పది దాటాక 24.3. కిటికీలు బిగించి ఉన్నాయి. ట్యాంక్ హీటర్ పోతోందేమో. రెండోది పెట్టాను.

జనవరి 17, బుధవారం

మళ్ళీ పదింటికే తగ్గింది. ఎందుకో తెలియడం లేదు. భయంగా ఉంది.

జనవరి 20, శనివారం, ఉదయం 10

ఇవాళ సెలవు. నాజిళ్ళు విప్పాను. కెటిల్‌కి గార పడితే మా అమ్మ చేసేదే, ఇక్కడ ప్రతి ఇంట్లో చేసేదే, వాటిని గిన్నెలో వేసి, వెనిగర్ నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. ఇమ్కె వంటింట్లో ఇస్త్రీ చేస్తోంది. అప్పుడప్పుడూ కలుపుతుండు అని చెప్పాను. కొత్త పైపు కొయ్యడానికి సెల్లార్‌కి వెళ్తున్నాను.

అదేరోజు, మధ్యాహ్నం 1

పైకొచ్చేసరికి అత్తయ్య పదకొండు గంటల టీకి వచ్చి ఉంది. వంటిల్లంతా ఆవిరి. ఇమ్కె కుర్చీలో వంగి దగ్గుతోంది. నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టు చేదుగా ఉందంది. అత్తయ్య ఏప్రన్ జేబులోంచి పట్టకారు తీసింది. హ్యాండిల్ ఉండే చోట మిగిలిన ఇనుప పుల్లని పట్టి తిప్పింది, కిటికీ తెరుచుకుంది. పొయ్యి ఆపి, గిన్నె బాల్కనీలో పెట్టి తలుపేసింది.

నేను అరిచాను. ట్యాంక్ చల్లబడుతుందని అరిచాను. ఆమె కిటికీకి వీపు ఆనించి నిలబడింది. దమ్ముంటే నన్ను తోసి మూసుకో అంది. అరగంట కదల్లేదు.

వెనిగర్ ఘాటు పడలేదని ఇమ్కె పడుకుంది.

సాయంత్రం 5

ఇమ్కెకి జ్వరం 39. వణుకు. కాళ్ళు లాగేస్తున్నాయంటోంది. ఇన్‌హేలర్ పనిచేయడం లేదు. నాకూ చలిగా ఉంది. ఫ్లూ కావచ్చు.

5.20

ఫ్లూ కాదు. ఫోక్కో ముఖం గుర్తొచ్చింది. రాయిని ఉడకబెట్టకు అన్నాడు. నేను రాయిని ఉడకబెట్టలేదు. నాజిల్‌ని ఉడకబెట్టాను.

ఫోక్కోకి ఫోన్ చేశాను.  ముందు ఆంబులెన్స్‌ని పిలువు, కోరల్ విషం ఆవిరిలో పీల్చారని చెప్పు, తిట్లు తర్వాత తింటావు అన్నాడు. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆంబులెన్స్ నంబర్ అత్తయ్యే నొక్కింది.

జనవరి 21, ఆదివారం

ఐసీయూ. ఇమ్కె ముఖానికి ఆక్సిజన్ మాస్క్. దీనికి విరుగుడు లేదట, ఊపిరి నిలబెడుతూ కాచుకోవడమేనట. కిటికీ తెరవడం మంచిదైంది, ఎవరు తెరిచారు అని డాక్టర్ అడిగింది. అత్తయ్య వైపు చూపించాను.

కారిడార్‌లో అత్తయ్య చెప్పింది. నీ హీటర్‌కి ఏ రోగమూ లేదు అల్లుడూ, రోజూ పదింటికి నేనే పట్టకారుతో తెరిచాను, మీరొచ్చేలోగా మూశాను అంది. నిన్న నువ్వు ఇంట్లో ఉన్నావని ఆగాను, టీ వేళ దాకా ఆగాను అంది. ఏడ్చింది. ఆమె ఏడవడం ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు. నేనెందుకు బతికున్నానా అనిపించింది.

జనవరి 23, మంగళవారం

మాస్క్ తీయలేదు.

జనవరి 26, శుక్రవారం

మాస్క్ తీశారు. గొంతు గీరుకుపోయింది. మొదటి మాటగా, ఆ మూల నీళ్ళు కదులుతున్నాయా అని అడిగింది. ఎత్తిపొడుపో, నిజంగానే అడిగిందో తెలియదు. బయటికొచ్చి గోడకి తల ఆనించి ఏడ్చాను.

జనవరి 31, బుధవారం

నిన్న ఫోక్కో, ఇంకో ఇద్దరూ మాస్కులు, గ్లౌజులు వేసుకుని వచ్చి ట్యాంక్ తీసుకెళ్ళారు. ఇవాళ ఇమ్కె ఇంటికొచ్చింది. పంపుల చప్పుడు లేదు. ఆమె ఊపిరి పక్కగదిలోకి వినిపిస్తోంది. ప్రతి ఊపిరి చివరా చిన్న ఈల. రెండు ఈలల మధ్య ఆలస్యమైతే లేచి వెళ్తున్నాను. ఇలా చూడకు, చూస్తుంటే నాకే భయమేస్తోంది అంది.

ఫిబ్రవరి 3, శనివారం

హ్యాండిళ్ళు బిగించాను. అత్తయ్య వచ్చి రెండుసార్లు తెరిచి, మూసి చూసింది. బాగానే ఉందంది.

పట్టకారు మాత్రం ఏప్రన్ జేబులోనే ఉంది.