ఎక్కడ ఆగాలో రాయలేదు

ధర్మవరం,
జూలై 2

గౌరవనీయులైన కుళ్లాయప్ప గారికి,

నమస్కారం. మీరు గుంతకల్లులో క్షేమమని తలుస్తాను. నా పేరు సువర్ణ. అనంతపురంలో కొత్తగా పెట్టిన చేదోడు సేవా కేంద్రం వారు నన్ను మీకు జీవన సహాయకురాలిగా వేశారు. అంటే మీ రోజువారీ పనులు సర్దిపెట్టడం నా పని. గ్యాసు, మందులు, కరెంటు బిల్లు, ఏ పని ముందు, ఏ పని తర్వాత, అన్నీ నేను చూసుకుంటాను. మొదటి నెల క్లయింటును ఫోన్లతో విసిగించకూడదట, అంతా ఉత్తరాలతోనే నడపాలట. ఉత్తరం రాసి గ్యాసు ఎలా బుక్ చేస్తారని అడిగితే శిక్షణ పుస్తకం చేతిలో పెట్టి పంపారు.

మీ ఫారం నా ముందుంది. స్టేషను మాస్టరుగా చేసి ఉద్యోగం దిగారని రాశారు. 'మీ బలహీనత' అన్నచోట 'ఖాళీగా కూర్చోలేను' అని ఉంది. ఆ బాధ నాకూ ఉంది కాబట్టి మందు నాకు తెలుసు. రేపటి నుంచి ఉదయం ఆరుకు నడవండి. సాయంత్రం ఐదుకు అరుగు మీద గంటసేపు ఏమీ చేయకుండా కూర్చోండి. మొదట కష్టంగా ఉంటుంది, అలవాటవుతుంది.

జతచేసిన సంతృప్తి పత్రం మీద సంతకం చేసి నెలాఖరులోగా పంపండి. అది లేకపోతే నన్ను ఖాయం చేయరు.

ఇట్లు,
మీ సహాయకురాలు
సువర్ణ

తా.క. ఇది నా ఐదో ఉద్యోగం. చీరల కొట్టు, ప్రైవేటు బడి, కొరియరు ఆఫీసు, ఆధార్ కేంద్రం అయిపోయాయి. ఇదీ పోతే మగ్గం గుంటలో నేతకు కూర్చోబెడతానని మా అమ్మ అంటోంది. ఆ గుంటలో పది నిమిషాలు కూర్చుంటే నా కాళ్లు వాటంతటవే పైకి వచ్చేస్తాయి.

* * *

గుంతకల్లు,
జూలై 6
ఉత్తరం నంబరు 1

చిరంజీవి సువర్ణకు కుళ్లాయప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎండలో పెట్టుకుని రెండుసార్లు చదివాను. అమ్మాయీ, నువ్వు పొరపాటు పడ్డావు. సహాయకుడిని నేను. క్లయింటువి నువ్వు. చేదోడు వాళ్లు నీ ఫారం నాకు పంపారు. శిక్షణ పుస్తకం ఏడో పేజీలో ముందే హెచ్చరించారు: 'సాయం పుచ్చుకోవడానికి మొహమాటపడే క్లయింటు ఎదురు మీకే సాయం చేస్తానంటాడు. వదలకండి.' నేను వదిలే మనిషిని కాను.

నీ బలహీనత 'మొదలుపెట్టిన పని పూర్తిచేయలేను' అని రాశావు. నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. ఇదిగో నీ టైంటేబుల్. నాలుగూ నలభైకి లేవాలి. నాలుగూ యాభైకి నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టాలి. ఐదున్నరకు సగంలో వదిలేసిన పని ఒకటి బయటికి తీయాలి. అది పూర్తయ్యాకే టిఫిను.

ఇక నీ మాట కూడా కాదనలేదు. ముప్పై ఆరేళ్లు కాగితం మీద రాసిన ఆర్డరుతోనే బళ్లు నడిపాను. నువ్వు రాశావు, నేను ఆరుకు బయలుదేరాను. నడవమన్నావు గానీ ఎక్కడ ఆగాలో రాయలేదు. మా వీధి టీ అంగడి దాటి పక్క స్టేషను దాకా నడిచి, పదకొండు గంటల పాసింజరులో తిరిగొచ్చాను. మా ఆవిడ రామసుబ్బమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "యాడికి పోయింటివయ్యా? పాలు తెచ్చేకి గదా నేను పంపింది" అంది.

ఇట్లు,
నీ సహాయకుడు
కుళ్లాయప్ప

తా.క. పాలు తేలేదు. నీ ఆర్డరులో పాల సంగతి లేదు. నా సంతృప్తి పత్రం జతచేశాను, సంతకం చేసి పంపు. నాకూ ఖాయం కావాలి.

* * *

ధర్మవరం,
జూలై 10

కుళ్లాయప్ప గారికి సువర్ణ నమస్కరించి రాయునది.

ఏడో పేజీ నేనూ చదివాను. అందులో ఉన్న క్లయింటు అచ్చం మీలాగే ఉన్నాడు. చేదోడు వాళ్లు శిక్షణ పుస్తకం క్లయింట్లకు కూడా ఎందుకు పంచారో అర్థం కావడం లేదు. దయచేసి వినండి: సహాయకురాలిని నేనే. మీరు నాకు టైంటేబుల్ వేయకూడదు.

వేశారు, సరే. నా ఖర్మ కొద్దీ ఆ ఉత్తరం మా అమ్మ లక్ష్మీనరసమ్మ చేతిలో పడింది. "ఎవురో ఏమో గాని పెద్దాయన నిన్ను బాగా కనిపెట్టినాడు. ఆయన రాసినట్ల చెయ్యి" అని తెల్లారకముందే నన్ను లేపుతోంది. రెండేళ్ల కిందట మా తలుపుకు నీలం రంగు సగం వేసి వదిలేశాను. మొన్న మిగతా సగం వేసేదాకా ఉప్మా గిన్నె మీద మూత తీయలేదు. నిన్న పాత జాకెట్టుకు రెండో చెయ్యి కుట్టాను. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

మీ నడక సంగతి. ఇకనుంచి టీ అంగడి దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఇంటికి రండి. వస్తూ పాలు తెండి. అరుగు మీద కూర్చోవడం మాత్రం మానొద్దు.

ఇంకొక మాట. మీ ఉత్తరంలో అక్షరాలు వంకాయలంత ఉన్నాయి. ఒక వరుస ఇంకో వరుస మీదికి ఎక్కింది. కళ్లు చూపించుకున్నారా?

ఇట్లు,
సహాయకురాలు (నేనే)
సువర్ణ

తా.క. ఆ తలుపులో కొత్త సగం ముదురు నీలం, పాత సగం ఎండకు వెలిసిన నీలం. రెండిళ్ల తలుపులు కలిపి బిగించారా అని వీధిలో అడుగుతున్నారు.

* * *

గుంతకల్లు,
జూలై 15
ఉత్తరం నంబరు 2

చిరంజీవి సువర్ణకు ఆశీస్సులు.

తలుపు పూర్తయిందని విని, ఆగిపోయిన బండి కదిలినంత సంతోషపడ్డాను. రెండు నీలాలుంటే ఏమైంది, తలుపు మూసుకుంటే చాలు.

నువ్వు చెప్పినట్టే సాయంత్రం ఐదుకు అరుగు మీద ఏమీ చేయకుండా కూర్చున్నాను. నేనలా కూర్చోవడం మా వీధి ఎన్నడూ చూడలేదు. ఐదూ పదికి ఎదురింటి లింగన్న వచ్చి చెప్పులు విడిచి, మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు వచ్చారు. ఐదున్నరకు పదకొండు మందిమి తలలు వంచుకుని కూర్చున్నాం. మన వైపు మగవాళ్లు అలా వరుసగా అరుగు మీద కూర్చుంటే దాని అర్థం ఒకటే. వెనక వీధి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేసరికి రామసుబ్బమ్మ రొట్టెలు తడుతోంది. "యాడ పెట్టినారమ్మా?" అని అడిగారట. "ఏమి పెట్టేది?" అని ఆమె. చనిపోయింది నేనేనని అప్పటికి సగం వీధి నమ్మింది, నేను ఎదురుగా కూర్చునే ఉన్నా.

నా కళ్లు రైల్వే కళ్లు. మైలు దూరం నుంచి సిగ్నలు చూసినవి. తప్పు కలానిది.

నీ ముచ్చట కూడా తీరుస్తున్నాను. క్లయింటు పంపిన పత్రం మీద సహాయకుడు సంతకం చేయడం పద్ధతి కాదు. అయినా నువ్వు మగ్గం గుంటలో పడకూడదని చేసి, ఈ కవరులోనే పెడుతున్నాను. నువ్వు కూడా నాది పంపు.

ఇట్లు,
కుళ్లాయప్ప

తా.క. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. వెనక్కి తీసుకుపోవడం బాగుండదని నా మెడలోనే వేసిపోయారు.

* * *

ధర్మవరం,
జూలై 21

కుళ్లాయప్ప గారికి,

ఈసారి క్షేమ సమాచారాలు అడగను. కవరు విప్పాను. అందులో ఉన్నది నా సంతృప్తి పత్రం కాదు. లింగన్న గారింటి పెళ్లి పత్రిక. పెళ్లికూతురి తండ్రి పేరు కింద మీ సంతకం, తేదీతో సహా ఉంది.

నన్ను ఆటపట్టిస్తున్నారా? నెలాఖరుకు ఇంక పది రోజులే ఉన్నాయి. నా పనిని నవ్వులాట చేసినవాళ్లు ఇంతకుముందు కూడా ఉన్నారు. చీరల కొట్టులో చేశారు, బడిలో చేశారు, వదిలేసి వచ్చాను. ఇది వదలాలని లేదు. ఎందుకో చెప్పమంటారా? మీ ఉత్తరం రాని రోజు నాకు తోచడం లేదు. పోస్టుమన్ వచ్చే వేళకు నాలుగుసార్లు వీధిలోకి పోయి చూస్తున్నాను. నేను మొదలుపెట్టిన పని ఏమైందని ఇన్నేళ్లలో అడిగినవాళ్లు మీరొక్కరే. అందుకే ఆ పెళ్లి పత్రిక చూసి ఏడుపొచ్చింది.

మీ పత్రం మీద మాత్రం సంతకం చేసి చేదోడుకు పంపేశాను. మీరెవరైనా కానివ్వండి, తలుపు పూర్తయింది, జాకెట్టు పూర్తయింది, రోజూ ట్యాంకరు నీళ్లు దొరుకుతున్నాయి. అందులో అబద్ధమేమీ లేదు. అది మడిచేటప్పుడు చూశాను: నా పత్రం, మీ పత్రం అక్షరం తేడా లేకుండా ఒక్కటే. నా శిక్షణ పుస్తకం అట్ట మీద 31 అని ఉంది. మీ దాని మీద ఏముందో చూసి చెప్పండి.

ఇట్లు,
సువర్ణ

తా.క. మీరు ఖాయం చేశారు కాబట్టి ఆ పెళ్లి జరగక తప్పదని అమ్మ అంటోంది.

* * *

గుంతకల్లు,
జూలై 27
ఉత్తరం నంబరు 3

సువర్ణమ్మకు కుళ్లాయప్ప రాయించునది.

రాయించునది అన్నాను, చూశావు కదా. ఈ గుండ్రటి దస్తూరి రామసుబ్బమ్మది.

నా పుస్తకం మీద 32 అని ఉందట. లైనుకు రెండు చివరలా చూడకుండా బండి వదలకూడదని, నిన్న మేమిద్దరం అనంతపురం పోయాం. చేదోడు సేవా కేంద్రం అంటే ఒక గది, ఒక బల్ల, జయరాం అనే ఒక మనిషి. నీ క్లయింటు ఎవరు, నా క్లయింటు ఎవరు అని గట్టిగా అడిగాను. "ఏం చెప్పేది సార్. సాయం చేసేవాళ్లు కావాలని ఒకటి, సాయం కావాల్సినవాళ్లు రండని ఒకటి, పేపర్లో రెండు ప్రకటనలు ఇచ్చినా. వానల్లేవు, శెనక్కాయ పంట పోయింది. పని చేస్తామని నూటపదహారు మంది వచ్చినారు. సాయం కావాలని ఒక్కడన్నా రాలేదు. వచ్చినోళ్లను యట్ల పొమ్మనేది? జోడీలు కట్టి, ఒకరికి ఒకరిని క్లయింటుగా రాసినా" అన్నాడు.

కోప్పడదామనుకున్నాను. రామసుబ్బమ్మ అతను పొద్దున్నుంచి తిన్నాడా అని అడిగి, మేము తెచ్చుకున్న రొట్టెల్లో రెండు పెట్టింది. నిజమైన క్లయింటు ఒక్కడు దొరికినా ఒకరిని ఖాయం చేస్తానన్నాడు. అప్పుడు నేను క్లయింటు ఫారం అడిగి తీసుకున్నాను. నా పాత దరఖాస్తు చించేశాను. అక్కడ చెప్పిందే నీకూ చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు.

నాకు కళ్లు కనపడడం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. రైల్వేలో కళ్ల పరీక్షకు పిలుస్తారని తెలిసి, రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందే నేనే ఉద్యోగం దిగిపోయాను. మసకబారిన కళ్లతో ఒక్క రోజు కూడా డ్యూటీ చేయలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు, రామసుబ్బమ్మకు కూడా. సిగ్గు. ఖాళీగా కూర్చుంటే ఎవరైనా కనిపెడతారని భయం, అందుకే నిలవలేక తిరిగేవాణ్ణి. పెళ్లి పత్రిక నిన్ను ఆటపట్టించడానికి కాదమ్మా, అదే నీ పత్రమనుకున్నాను. ఆ రోజు పక్క స్టేషను దాకా పోయింది నీ ఆర్డరు వల్ల కాదు. టీ అంగడి దగ్గర తిరిగే మలుపు నాకు కనపడలేదు.

నీ అసలు పత్రం ఇంట్లోనే ఉంది, ఈసారి దాని మీదే సంతకం చేశాను. సంతకం ఎక్కడ చేయాలో రామసుబ్బమ్మ నా వేలు పట్టుకుని చూపించింది. చేదోడు సేవా కేంద్రం ఒకటో నంబరు క్లయింటును నేను. నా సహాయకురాలివి నువ్వు, ఖాయం చేస్తూ జయరాం రాసిచ్చిన కాగితం జతచేశాను.

మంగళవారం ఆపరేషను. ఉత్తరాలతోనే నడపాలన్న రూలు కొట్టేయించాను. సోమవారం పొద్దున బండికి రా. ఆసుపత్రికి నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను. ఎక్కడ ఆగాలో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ క్లయింటు
కుళ్లాయప్ప

తా.క. ఇది నేను సొంతంగా రాస్తున్నాను, రామసుబ్బమ్మను. ఈయనకు కనపడదని నాకు రెండేండ్లుగా తెలుసు పాపా. నాతో చెప్పేకి సిగ్గుపడే మనిషి, ముక్కూమొగం తెలీని మనిషికైతే చెప్తాడేమోనని చేదోడు ప్రకటన చదివి వినిపించింది నేనే. సాయం కావాల్సినవాళ్లు రండన్న ప్రకటనే ముందు చదివినా. ఆయన రెండోదానికి, సాయం చేసేవాళ్ల దానికి, దరఖాస్తు పెట్టినాడు.