బోర్డు తుడిచేదాకా

నవంబరు 11, మంగళవారం

టెన్త్ ఏ సెక్షన్‌లో ఈరోజు లెక్కలు చెప్పలేదు. మ్యాథ్స్‌లో ఎంతవరకు వచ్చారో ఒక్కొక్కరినీ లేచి చెప్పమన్నాను. అందరిదీ ఒకటే పాట. ఇంప్రూవ్ అయ్యాం, సిల్లీ మిస్టేక్స్ తగ్గించుకుంటాం, థ్యాంక్యూ మేడం. అభిలాష్ మాత్రం తన మ్యాథ్స్ బాగానే ఉందని, క్వశ్చన్ పేపర్లే బాగుండటం లేదని అన్నాడు. నేనూ నవ్వాను.

చివరికి విజయశ్రీ లేచింది. బాటసింగారం పండ్ల మార్కెట్ లారీ డ్రైవర్ కూతురు. క్లాసులో నోరు విప్పదు.

"మీరు బోర్డు తుడిచేదాకా అంతా అర్థమైతది మేడం. తుడవంగనే పోతది."

ఎవరూ నవ్వలేదు.

నవంబరు 12

జవాబు కింద గీత గీయగానే నా చెయ్యి డస్టర్ మీదికి పోతోంది. సిలబస్ తొందరా, ఎవరైనా డౌట్ అడుగుతారన్న భయమా? ఈరోజు తుడవకుండా వచ్చేశాను. తర్వాతి పీరియడ్ సోషల్ చెప్పే సింధూర, బోర్డుకి దండ కూడా వేయమంటారా అని అడిగింది.

నవంబరు 13, రాత్రి

ప్రిన్సిపల్ శ్రీరామమూర్తి గారు పిలిచారు. శనివారం టెస్టులో సగం మార్కులు రానివాళ్లు సీ సెక్షన్‌కి వెళ్లాలట. అక్కడ ఇంపార్టెంట్ లెక్కలు బట్టీ పట్టిస్తారు, అంతే. విజయశ్రీకి కొంచెం టైమ్ ఇవ్వమన్నాను. రిజల్ట్ ఎవరికీ టైమ్ ఇవ్వదమ్మా అన్నారు.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చి టీవీ పెట్టుకున్నాను. చూడటానికి కాదు, ఇంట్లో ఏదో ఒక గొంతు ఉండాలని.

నవంబరు 14

స్కూలయ్యాక విజయశ్రీని ఉండమని చాక్‌పీస్ ఇచ్చాను. క్వాడ్రాటిక్ ఈక్వేషన్. మూడు లైన్లు రాసి ఆగిపోయింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"జర అటు తిరుగుండ్రి మేడం. మీరు చూస్తుంటే నా చెయ్యి నడ్వదు."

కిటికీ వైపు తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక మెట్రో వెళ్లింది, తర్వాత ఇంకొకటి. ఇటు తిరిగేసరికి లెక్క పూర్తయింది. కరెక్ట్.

నవంబరు 15

టెస్ట్.

నవంబరు 16, ఆదివారం

విజయశ్రీ పేపర్ దిద్దాను. చేసిన ప్రతి లెక్కా సొంతంగా ఆలోచించి చేసింది. అందుకే టైమ్ చాలక సగం కూడా అందుకోలేకపోయింది. బట్టీ పట్టినవాళ్లు అన్నీ రాసేశారు. స్టెప్ మార్కులు వేసినా సగానికి రెండు తక్కువ. రెడ్ పెన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ రెండు మార్కులూ వేయలేదు. అది నిజాయితీయో పిరికితనమో నాకు తెలియడం లేదు. అడగడానికి ఎవరున్నారు?

లెక్కల సంగతి సరే, నన్నెవరైనా లేపి నువ్వెంతవరకు వచ్చావని అడిగితే ఏం చెబుతాను? ఇంప్రూవ్ అయ్యాను, థ్యాంక్యూ.

నవంబరు 17

విజయశ్రీ బ్యాగు సర్దుకుని సీ సెక్షన్‌కి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. ఆ బెంచీ ఖాళీ. పీరియడ్ మొత్తం నేనూ అటు చూడకుండానే చెప్పాను.

నవంబరు 21, సాయంత్రం

అందరూ వెళ్లిపోయారు. గొడుగు కోసం ఏ సెక్షన్‌కి వెళ్తే బోర్డు దగ్గర విజయశ్రీ ఉంది. పొద్దున్న నేను తుడవకుండా వదిలేసిన లెక్క కింద ఇంకో లెక్క మొదలుపెట్టింది. నన్ను చూసి ఆగింది.

నేను కిటికీ వైపు తిరిగాను.

కాసేపటికి వెనక చాక్‌పీస్ చప్పుడు.