ఒక పడవకి పడితే అన్ని పడవలకీ

అన్నయ్యకి నీ చెల్లెలు గౌరి దణ్ణాలు. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగపెట్టుకోకండి. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదినా పిల్లలూ కులాసాయేనా?

కంప్యూటర్ ట్రైనింగ్‌కని విశాఖ వచ్చి రెండు నెలలైంది. ఉక్కపోత అలవాటే గానీ, ఈ వన్ టౌన్ హాస్టల్ సాంబారే అలవాటు కావడం లేదు. చేపల పులుసు అడిగితే వంటావిడ, "ఆదివారం సూద్దాం లేమ్మా" అంటుంది. ఎన్ని ఆదివారాలు చూడాలో! హార్బర్ వైపు నుంచి గాలి వీస్తే మాత్రం ఇల్లు గుర్తొస్తుంది.

మొన్న ఫోన్లో నువ్వు, "ఏటి నేర్సుకుంతన్నావే అక్కడ?" అంటే ఎలా చెప్పాలో తోచలేదు. అందుకే రాస్తున్నాను, వదిన చేత చదివించుకో. కంప్యూటర్‌కి పడవంటే తెలియదు. ముందు మనమే ఒక నమూనా రాసివ్వాలి: పడవకి పేరుంటుంది, రంగుంటుంది, వేటకెళ్తుంది అని. దాన్ని క్లాస్ అంటారు. వడ్రంగి మనసులో ఉండే పడవ అన్నమాట, దాన్నెక్కి సముద్రంలోకి పోలేం. ఆ నమూనాతో తయారైన ఒక్కో పడవా ఒక ఆబ్జెక్ట్. మనదొకటి, పక్కింటి పెంటయ్య మావదొకటి. ఇంజన్ పడవ కావాలంటే మళ్లీ మొదటి నుంచీ రాయక్కర్లేదు, పాత నమూనాకే ఇంజన్ కలిపితే చాలు. ఇంతే! దీనికి నెలంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను.

శుక్రవారం పరీక్ష పెట్టారు. గట్టెక్కితే ట్రైనింగ్ ఇచ్చిన ఆఫీసులోనే ఉద్యోగం, లేకపోతే ఇంటికే. నేను పడవల మీదే ప్రోగ్రాం రాశాను. ఏ పడవ చేపల్ని ఆ పడవలో పెట్టాలి, నేనేమో అన్ని పడవలకీ ఉమ్మడిగా ఉండే నమూనాలోనే పెట్టేశాను. మాకు నేర్పే సార్ వచ్చి, పెంటయ్య మావ పడవలో వంద చేపలు వేస్తే మన పడవలోనూ అవే వంద కనిపించాయి.

"ఏటమ్మా ఇది? ఒక పడవకి పడితే అన్నిటికీ పడిపోతాయా?" అన్నారు.

"మా ఊర్లో అంతే సార్. పెద్దవల అందరం కలిసి లాగుతాం, అందరం పంచుకుంతాం."

గదంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మీ ఊరు మంచిదేనమ్మా, ప్రోగ్రామే తప్పు. పావుగంట ఇత్తన్నాను, సరిసెయ్."

సరిచేశాను. మావ పడవలో వంద, మన పడవలో సున్నా. సార్ తలూపి, "సోమవారం నుంచి పన్లోకి వచ్చీ" అన్నారు.

ఉద్యోగం వచ్చింది అన్నయ్యా! కానీ పక్కవాళ్లు చప్పట్లు కొడుతుంటే నేను ఆ సున్నానే చూస్తున్నాను. నాన్న చనిపోయిన ఏడాది మన పడవ నీట్లో దిగలేదు. అయినా మావ పడవలో పడ్డ చేపలు మన వాకిట్లోకి రాని రోజు లేదు. ఏడుపొచ్చేసింది. సంతోషంతో అనుకున్నారు అందరూ.

అమ్మకీ, ఊళ్లో పెద్దలకీ నా దణ్ణాలు చెప్పు, దీవించమను. పెంటయ్య మావకి మాత్రం చెప్పకు. సెలవు దొరగ్గానే వచ్చి నేనే కాళ్లకి మొక్కుతాను.

నీ చెల్లెలు,
గౌరి